కండరముల భాష: యంత్రములు దానిని నేర్చిన చరిత్ర

గోవాడ పేరు చెప్పగానే ఈ ప్రాంతపు జనులకు చెరకు జ్ఞప్తికి వచ్చును. చెరకుతోపాటు గానుగయు, గానుగతోపాటు బెల్లపు పెనమును, ఆ పెనముచుట్టు రేయింబవళ్ళు పనిచేయు చేతులును జ్ఞప్తికి వచ్చును. మన గ్రామమున సహకార చక్కెర కర్మాగారము వెలయక ముందును, వెలసిన పిదపను, చోడవరము పరిసర గ్రామములకు చెరకే జీవనాధారము. 2022లో మన మండలము విశాఖపట్టణము జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరినను ఈ బాంధవ్యము మారలేదు.

గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుడని నిర్వాహకులు కోరినపుడు, ఏ విషయమును గూర్చి వ్రాయుదునా యని కొంత ఆలోచించితిని. రాజులను గూర్చియు, కోటలను గూర్చియు వ్రాయగల పెద్దలు పలువురు కలరు. నేను చేతిని గూర్చి వ్రాయదలచితిని. అందులకు కారణమొకటి కలదు.

నా బాల్యమున మా బంధువుల యూరిలో ఒక బెల్లపు గానుగ యుండెడిది. అచ్చట గానుగకు చెరకు గడలు అందించుచు, ఒకానొక రాత్రి నిద్రమత్తులో కుడిచేయి పోగొట్టుకొనిన తాత యొకడుండెను. మోచేతికి దిగువ జానెడు మేర మాత్రము మిగిలినది. నే నెరిగిన నాటికి అతడు ఎడమచేతితో పొయ్యిలోనికి చెరకు పిప్పి ఎగదోయుచు కాలము గడపుచుండెను. పిల్లలము చుట్టు మూగినపుడు, మిగిలిన ఆ మొండిచేతిని మాకు చూపి, "ఇక్కడ చెయ్యి పెట్టి చూడు బాబూ. ఇప్పుడు పిడికిలి బిగిస్తున్నాను. తెలిసిందా?" అనెడివాడు. నిజముగనే చర్మము క్రింద కండ గట్టిపడెడిది. "ఇప్పుడు విప్పేశాను" అనగానే మెత్తబడెడిది. పిడికిలి లేదు, కాని బిగించుటయు, విప్పుటయు నున్నవి. ఇల్లు పడిపోయినను ఆ ఇంటి పేర ఉత్తరములు వచ్చుచునే యున్నట్లు, చేయి పోయినను చేతికి పంపిన ఆజ్ఞ మోచేతి వరకు వచ్చి ఆగుచున్నది.

ఆ తాత చూపినది వినోదము కాదనియు, రెండు వందల సంవత్సరములకు మించి శాస్త్రజ్ఞులు వెదకిన రహస్యమనియు నాకు చాలకాలమునకు తెలిసినది. ఆ ఆజ్ఞను చర్మముపైనుండి విని, రాబోవు కదలిక యేదో ముందుగా గ్రహించు యంత్రములు నేడు వచ్చినవి. అవి వచ్చిన క్రమమును నాకు తెలిసినంతలో ఇచట వివరింతును.

కప్ప కాలినుండి మనుష్యుని చేతివరకు

ఇటలీ దేశమున బొలోనా నగరమునందు లుయిజీ గాల్వానీ యను వైద్యుడు 18వ శతాబ్ది చివరి దశకములలో చచ్చిన కప్ప కాళ్ళపై ప్రయోగములు చేసెను. విద్యుత్తు తాకినపుడు ఆ కాళ్ళు బ్రతికినవాని వలె ముడుచుకొనుట చూచి, జంతుశరీరమునందే ఒకవిధమైన విద్యుత్తు కలదని 1791లో ప్రకటించెను. అలెసాండ్రో వోల్టా దీనిని ఒప్పుకొనలేదు; విద్యుత్తు కప్పలో లేదు, దానిని తాకిన రెండు లోహములలో నున్నదని వాదించెను. ఆ వాదమునుండియే 1800లో వోల్టా బ్యాటరీ పుట్టినది. ఇరువురి వాదములలోను సత్యాంశము కలదు. వోల్టా చెప్పినట్లు లోహములు విద్యుత్తును పుట్టించును. గాల్వానీ చెప్పినట్లు కండరమును విద్యుత్తును పుట్టించును.

గాల్వానీ చూచినది విద్యుత్తుచే కండరము కదలుట. కండరము కదలునపుడు విద్యుత్తు వెలువడుట మానవునియందు తొలుత చూపినవాడు బెర్లిను నగరవాసియగు ఎమీల్ డ్యూ బ్వా రేమో. అతడు వేలకొలది చుట్లు తీగె చుట్టి, మిక్కిలి సూక్ష్మమైన ప్రవాహమును సైతము పసిగట్టగల గాల్వనోమీటరును స్వహస్తములతో నిర్మించుకొనెను. మనుష్యుని రెండు చేతులను ఉప్పునీటి పాత్రలకు తాకించి, ఒక చేతిని బలముగా బిగించుమన్నపుడు సూది కదలినది. చర్మము విద్యుత్తును అడ్డగించుచున్నదని గ్రహించి, చేతిపై పొక్కులు లేపి, ఆ పైపొరను తొలగించి మరల పరీక్షించెను. సూది మరింత కదలినది. 1849 ప్రాంతపు మాట ఇది. బాధనోర్చి తన చేతినే ప్రయోగశాలగా చేసికొనిన అట్టివారి ఓర్పునకు మనము ఋణపడియున్నాము.

కండరమునకు బలమిచ్చు పదార్థము: తెలుగువాని పరిశోధన

కండరమును గూర్చి వ్రాయునపుడు తెలుగువారు మరువరాని పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కె యను ఆచార్యునితో కలసి పనిచేసిరి. శరీర ద్రవములలోని ఫాస్ఫరసును కొలుచుటకు వారు కనుగొనిన పద్ధతి ఫిస్కె–సుబ్బారావు పద్ధతియని ప్రసిద్ధికెక్కినది.

ఆ రోజులలో కండరము ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమని విజ్ఞులు తలంచుచుండిరి. కండర పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము పొందిన హిల్, మేయర్‌హోఫ్ అనువారి ప్రతిష్ఠ ఆ సిద్ధాంతమునకు అండగా నుండెను. 1927లో ఫిస్కె, సుబ్బారావుగారలు కండరమునందు ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమున్నదని లోకమునకు తెలిపిరి. కండరము పనిచేయునపుడు అది తరుగును. విశ్రమించినపుడు మరల నిండును. 1929లో ఏ.టి.పి. యను మరియొక పదార్థమును గూర్చియు వారు ప్రకటించిరి. కండరమును నడపు బలమెచ్చటిదను ప్రశ్నకు సమాధానము ఈ పరిశోధనలవలన మారిపోయినది.

సుబ్బారావుగారు పిమ్మట లెడర్లీ సంస్థలో చేరి, బోదకాలు రోగమునకు హెట్రజాన్ మొదలగు ఔషధములు వెలువడుటకు కారకులై, 1948లో దివంగతులైరి. వారు కండర విద్యుత్తుపై పనిచేయలేదు. వారి శోధన కండరపు ఆహారమును గూర్చినది. అయినను బండి కదలుటకు పగ్గములాగు చేయి యెంత ముఖ్యమో, ఎద్దులకు వేయు మేతయు నంతే ముఖ్యము. పగ్గముల కథ యిచట చెప్పబోవుచున్నది. మేత కథ చెప్పినవారు మన తెలుగువారు.

కండరము పలుకుట విన్నవారు

మన వెన్నుపామునుండి బయలుదేరిన ఒక్కొక్క నాడీతంతువు కండరములోని కొన్ని పోగులకు ఆజ్ఞ నిచ్చును. ఆజ్ఞ చేరగానే ఆ పోగులలో చిన్న విద్యుత్తరంగము పుట్టి ప్రాకును. దాని వెంట పోగులు ముడుచుకొనును. 1929లో ఇంగ్లండునందు ఏడ్రియన్, బ్రాంక్ అను శాస్త్రజ్ఞులు సన్నని సూదిని కండరములో గ్రుచ్చి, ఆ తరంగములను వర్ధిల్లజేసి, లౌడు స్పీకరు ద్వారా విన్నారు. మెల్లగా బిగించినచో టకటకమని ఒక్కొక్క దెబ్బ వినబడును. బలము పెంచినకొలది దెబ్బలు దట్టమై, రేకుల కప్పుపై వాన కురిసినట్లగును. నరముల జబ్బులను పరీక్షించు వైద్యశాలలలో నేటికిని వైద్యులు ఈ శబ్దమును విందురు. ఆ పరీక్షకు ఎలక్ట్రోమయోగ్రఫీ యని పేరు.

సూది గ్రుచ్చకయే చర్మముపై చిన్న లోహపు బిళ్ళలనుంచి కూడ ఈ సంకేతమును గ్రహింపవచ్చును. కాని అచ్చట దొరకునది అనేక కండరముల కలగాపులగపు సందడి. దాని బలము సాధారణముగా ఒక మిల్లీవోల్టు, అంతకు లోబడియు నుండును. మనము టార్చిలైటులో వేయు బ్యాటరీ బలము ఒకటిన్నర వోల్టు. అందులో పదిహేనువందల వంతు అన్నమాట. తిరునాళ్ళలో దూరమునుండి ఒక మనుష్యుని గొంతు గుర్తించుట యెంత కష్టమో, ఈ సంకేతమునుండి వ్రేలి కదలికను గుర్తించుట యంత కష్టము.

ఇందు ప్రకృతి మనకు చేసిన యుపకారమొకటి కలదు. కండరమున విద్యుత్తు పుట్టిన తరువాతనే బలము పుట్టును. ఈ రెంటికి నడుమ సెకనులో నూరవ వంతులు కొన్ని, సుమారు మూడు మొదలు పది వరకు, గడచును. మెరుపు ముందు, ఉరుము వెనుక. మెరుపును చూచినవాడు ఉరుము రాబోవునని చెప్పగలిగినట్లు, సంకేతమును గ్రహించినవాడు కదలిక రాబోవునని చెప్పగలడు. ముందుగా చెప్పుట యనగా ఇదియే; ఇందు జోస్యమేమియు లేదు.

తొలి విద్యుత్ హస్తములు

రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి ఐరోపాలో చేతులు కోల్పోయిన సైనికులు వేలకువేలు. 1948లో జర్మనీ దేశపు మ్యూనిక్ నగరమున రైన్‌హోల్డ్ రైటర్ అను భౌతికశాస్త్ర విద్యార్థి కండర విద్యుత్తుతో నడచు చేతిని రూపొందించి ప్రకటించెను. నాటి రేడియో ట్యూబులతో కూడిన ఆ పరికరము బరువైనది. బల్లవద్ద కూర్చుండి వాడవలసినదే గాని ధరించి తిరుగుటకు వీలుకాదు. ఆ దేశమున్న దుస్థితిలో అది ప్రచారమునకు రాలేదు.

ట్రాన్సిస్టరు వచ్చిన పిదప పరికరము చిన్నదైనది. 1960 ప్రాంతమున సోవియట్ రష్యాలో కోబ్రిన్‌స్కీ బృందము, బ్యాటరీని నడుమునకు కట్టుకొని ధరింపదగిన చేతిని చేసినది. అమెరికాలో నార్బర్ట్ వీనర్ అను గణితవేత్త మొదటినుండియు ఈ యూహను ప్రోత్సహించెను; 1960 దశకమున బోస్టను నగరమందు నిర్మితమైన కృత్రిమ బాహువునకు ఆయన ఆలోచన ప్రేరకమైనది.

ఈ చేతుల పని తీరు సులభమైనది. ముంజేతి లోపలి కండ బిగించినచో వ్రేళ్ళు మూసికొనును. వెలుపలి కండ బిగించినచో తెరచుకొనును. గ్లాసు పట్టుటకు, సంచి మోయుటకు ఇది చాలును. కాని మణికట్టు త్రిప్పవలెనన్న, చూపుడువ్రేలితో మీట నొక్కవలెనన్న, సూదియు దారమును పట్టవలెనన్న చాలదు. రెండు కండలకు రెండు పనులే. ధరించువాడు, పాపము, యంత్రమునకు తెలిసిన రెండు మాటలనే మరల మరల పలుకవలసి వచ్చెను. మనుష్యుడు యంత్రపు భాష నేర్చుకొనవలెనా, యంత్రము మనుష్యుని భాష నేర్చుకొనవలెనా యను ప్రశ్న ఇచట పుట్టినది.

యంత్రమునకు చదువు చెప్పుట

బెల్లము వండు పెద్దలు పాకము వచ్చినదీ రానిదీ ఎట్లు తెలిసికొందురు? కొలమానము పట్టుకొని కాదు. పెనములోని నురుగు రంగు, బుడగల తీరు, చల్లని నీటిలో వేసిన చుక్క ఉండకట్టు విధము, ఇవియన్నియు కలిపి చూతురు. ఆ విద్య ఏ పుస్తకములోను సూత్రముగా లేదు. గురువు వద్ద కూర్చుండి, "ఇది లేత, ఇది ముదురు, ఇది సరియైనది" అని వందల పెనములను చూచినవానికే అది అబ్బును. తరువాత మునుపు చూడని పెనమును చూపినను అతడు తడబడడు.

నేడు యంత్రాభ్యసనము, అనగా మెషీన్ లెర్నింగ్, అని పిలువబడు విద్య సరిగా ఇట్టిదే. మనుష్యుని ముంజేతి చుట్టు ఎలక్ట్రోడు బిళ్ళలు కట్టుదురు. పిడికిలి బిగించుమందురు, విప్పుమందురు, మణికట్టు త్రిప్పుమందురు. ప్రతి కదలికకు వచ్చిన సంకేతమును, దాని పేరును జతచేసి కంప్యూటరునకు ఇత్తురు. సెకనులో నాలుగవ యైదవ వంతు మేర సంకేతపు తునకను తీసికొని, అందు సగటు పరిమాణ మెంత, తరంగము శూన్యరేఖను ఎన్ని పర్యాయములు దాటినది, ఎన్ని మారులు వంపు తిరిగినది, దాని మొత్తము పొడవెంత యని కంప్యూటరు లెక్కించును. ఇవి పాకపు గురుతుల వంటివి. వందల యుదాహరణములు చూచిన పిమ్మట, పేరు చెప్పని క్రొత్త తునకను ఇచ్చినను, "ఇది పిడికిలి" యని చెప్పగలుగును. వ్రేలికీలు ఎంత కోణము వంగునో సంఖ్యగా చెప్పు పద్ధతియు నున్నది. ఏ కదలిక యని చెప్పుట మొదటిది. ఎంత కదలిక యని చెప్పుట రెండవది, మరింత కష్టమైనది.

ఈ మార్గమున తొలి యడుగులు 1960 దశకపు చివర అమెరికాలోని ఫిలడెల్ఫియాలోను, 1973లో స్వీడను దేశమునను పడినవి. ఒక్క కండను గాక పలు కండల సంకేతముల కూర్పును చూడవలెనని వారు గ్రహించిరి. 1975లో గ్రౌపే మున్నగువారు, మానవ వాక్కును విశ్లేషించుటకు వాడు గణితము వంటిదానినే కండర సంకేతములకు ప్రయోగించిరి. ఈ సంబంధము గమనింపదగినది. మాటయు ఒక తరంగమే. కండర సంకేతమును ఒక తరంగమే. మాటలను గుర్తించు యంత్రములను తీర్చిదిద్దిన ప్రముఖులలో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు అగ్రగణ్యులు. పల్లెటూరినుండి బయలుదేరి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1994లో కంప్యూటరు విజ్ఞానపు అత్యున్నత పురస్కారమగు ట్యూరింగ్ బహుమానమును పంచుకొనిరి. వారి కృషి వాక్కును గూర్చినది. అదే విశ్వవిద్యాలయమున 2000 తరువాత పరిశోధకులు ముఖ కండరముల విద్యుత్తునుండి, పైకి వినబడని మాటలను గుర్తించుటకు యత్నించి కొంత సఫలులైరి. వాక్కును గుర్తించు విద్యయు, కండరమును గుర్తించు విద్యయు ఆ విధముగ కలసికొనినవి.

1993లో కెనడా దేశపు న్యూబ్రన్స్విక్ విశ్వవిద్యాలయమునందు హడ్జిన్స్, పార్కర్, స్కాట్ అను మువ్వురు ప్రకటించిన పరిశోధన ఈ చరిత్రలో మైలురాయి. కండరము బిగియుట మొదలైన తొలిక్షణములందే సంకేతమునకు ఒక ఆకృతి కలదనియు, అది కదలిక కదలికకు వేరనియు వారు చూపిరి. పైన చెప్పిన గురుతులను వాడినది వారే. వానిని కృత్రిమ నాడీజాలమునకు నేర్పి నాలుగు కదలికలను వేరుపరచిరి. ఆజ్ఞకును చేతి కదలికకును నడుమ ఆలస్యము సెకనులో మూడు పదవ వంతులు మించిన ధరించువాడు సహింపజాలడను నియమమును ఆనాటిదే.

మోచేతికి పైన, మోకాలికి పైన

ముంజేయి మిగిలినవారి మాట సరి. భుజము వరకు పోయినవారికి వ్రేళ్ళ కండలే లేవు గదా! చికాగో నగరమున టాడ్ కైకెన్ అను వైద్యుడు దీనికొక యుపాయము పన్నెను. చేయి పోయినను చేతికి ఆజ్ఞలు తెచ్చు నాడులు భుజము వద్ద జీవించియే యుండును. శస్త్రచికిత్స ద్వారా ఆ నాడులను రొమ్ము కండరమునకు త్రిప్పి అతికినచో, మనుష్యుడు పిడికిలి బిగించవలెనని తలచినపుడు రొమ్ము కండ బిగియును. అచ్చట ఎలక్ట్రోడులనుంచి యంత్రము ఆ తలపును చదువును. 2000 దశకారంభమున, విద్యుత్ ప్రమాదములో రెండు చేతులు కోల్పోయిన తీగెల పనివానికి ఈ చికిత్స చేసిరి. 2009లో అదే బృందము, అభ్యసన యంత్రముతో ఈ పద్ధతిని జతచేసిన ఫలితములను వైద్యలోకమునకు తెలిపినది. 2013లో చికాగో పరిశోధకులే కాలును కోల్పోయినవానికి, తొడ కండరముల సంకేతములను చేర్చిన యంత్రపు కాలితో సమనేలనుండి మెట్లకు మారునపుడు దోషములు తగ్గినవని నిరూపించిరి.

ఇటీవలి మార్పు మరియొకటి. 2025లో మెటా సంస్థవారు, మణికట్టుకు కట్టుకొను పట్టీతో వ్రేళ్ళ సూక్ష్మ కదలికలను గ్రహించి కంప్యూటరును నడపు విధానమును ప్రకటించి, అదే సంవత్సరము కళ్ళజోడుతోపాటు అమెరికాలో అంగడికి తెచ్చిరి. వేలమంది మనుష్యుల సంకేతములతో ముందే చదువు నేర్పుటచేత, క్రొత్తవాడు కట్టుకొనినను అది ప్రత్యేక శిక్షణ లేకయే పనిచేయును. అంగహీనుల కొరకు పుట్టిన విద్య సంపూర్ణాంగుల విలాసమునకును వచ్చినది. దీనిని నిందింపబనిలేదు, సరకు పెరిగినచో ధర తగ్గు నాశ యుండును.

చెమటపట్టిన చేయి

ఇంతవరకు చెప్పినది జయగాథ. పాఠకులకు ఉన్నదున్నట్లు చెప్పవలెను గావున లోపములును చెప్పెదను. ప్రయోగశాలలో నూటికి తొంబదియైదు సరియైన సమాధానములు చెప్పు యంత్రము ఇంటివద్ద తడబడును. చెమట పట్టినచో చర్మముపై సంకేతము మారును. బిళ్ళ అంగుళములో సగము జరిగినను మారును. చేయి క్రిందికి వ్రేలాడునపుడు నేర్చిన పాఠము, చేయి పైకెత్తినపుడు పనికిరాకపోవచ్చును. కండ అలసినచో తరంగముల వేగము తగ్గును. ఉదయము చదివిన పాఠము సాయంకాలమునకు మరచిన పిల్లవాని వలె, యంత్రమునకు మరల మరల నేర్పవలసి యుండును.

చల్లని గదిలో కుర్చీపై కూర్చున్నవానికే ఇట్లుండగా, వైశాఖ మాసపు టెండలో చెరకు తోటలో కలుపుతీయువాని మాట యేమి? పొయ్యివద్ద నిలిచినవాని మాట యేమి? మన ప్రాంతమున చేయి కోల్పోవువారు ఎక్కువగా శ్రమజీవులే. వారికి పనికిరాని చేయి, చేయి కాదు.

ఇంకను లోతైన విషయమొకటి కలదు. చదువు నేర్చిన యంత్రమునకు తనకు చూపినదే తెలియును. స్విట్జర్లండు పరిశోధకులు ముఖ్యులై కూర్చి, లోకమునకు ఉచితముగా నిచ్చిన నినాప్రో యను ప్రసిద్ధ సంకేత భాండారమును గూర్చి 2014లో ప్రకటించినపుడు, అందు సంపూర్ణాంగులు 67 మంది, ముంజేయి కోల్పోయినవారు 11 మంది మాత్రమే. ఆ కృషి మిక్కిలి శ్లాఘనీయము. కాని పదునొక్కరి చేతులనుండి నేర్చిన పాఠము మన తాత మొండిచేతికి ఎంతవరకు సరిపడును? మైదానమున పండిన చెరకు పాకము మాత్రమే చూచినవాడు మెట్ట చెరకు పెనమువద్ద తడబడును గదా. మోటుపని చేసిన చేతుల సంకేతములు, యేండ్ల తరబడి వాడక కృశించిన కండల సంకేతములు, ఆ యంత్రములకు చూపినవారెవరు?

మన చెంత నున్నది

మన దేశమున కృత్రిమ అవయవముల చరిత్ర గౌరవనీయమైనది. 1968లో వైద్యుడు సేఠీగారును, శిల్పి రామచంద్రశర్మగారును కలసి జైపూరు పాదమును సృష్టించిరి. చెప్పులు లేకయే పొలములో నడచుటకు, బాసింపట్టు వేసికొని కూర్చుండుటకు తగినట్లు మన జీవనమునుబట్టి అది పుట్టినది. 1972లో కాన్పూరు నగరమున ప్రభుత్వము కృత్రిమాంగ నిర్మాణ సంస్థను స్థాపించినది. మనకు సమీపమున, కొత్తవలస వద్ద మంగళపాలెమునందు శ్రీ గురుదేవా చారిటబుల్ ట్రస్టువారు అవయవహీనులకు కృత్రిమ కాళ్ళు, చేతులు ఉచితముగా అమర్చుచున్నారు. కండర సంకేతములచే నడచు కల్‌ఆర్మ్ అను చేతిని హైదరాబాదులోని మేకర్స్ హైవ్ సంస్థవారు రూపొందించిరి. వైద్య పరికరముల తయారీకై విశాఖపట్టణమున ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ 2018లో ప్రారంభమైనది. విదేశములనుండి తెచ్చు విద్యుత్ హస్తమునకు లక్షల రూపాయలు పెట్టవలసి యుండగా, ఇట్టి ప్రయత్నములు మన యిరుగుపొరుగున నుండుట సంతోషదాయకము.

జైపూరు పాదము నేర్పిన నీతి యొకటి కలదు. మన నేలపై నడచువారిని చూచి చేసిన పాదము మన నేలపై నిలిచినది. అట్లే మన చేతులను చూచి నేర్చిన యంత్రము మన చేతులకు పనికివచ్చును. కృత్రిమ అవయవముల శిబిరమునకు వచ్చిన ప్రతివాని కండ సంకేతమును, అతని సమ్మతితో, అతని పేరు బయటపడకుండ నమోదుచేసి, మన విశ్వవిద్యాలయముల పరిశోధకులకు అందజేసినచో, ఆ పేదవాడు దానము పుచ్చుకొనువాడు మాత్రమే గాక యంత్రమునకు పాఠము చెప్పు గురువు కూడ అగును. ఇది అసాధ్యమైన కోరిక కాదు. దీనికి కావలసినవి కొన్ని పరికరములు, కొందరు శ్రద్ధాళువులు, కొంత ఓపిక.

ముగింపు

ఆ తాత ఏనాడో గతించెను. అతని కాలమున ఈ యంత్రములు మన ప్రాంతమునకు రాలేదు. వచ్చినను అతనికి అందెడివి కావు. కాని అతడు ప్రతిదినము పిల్లలకు చూపిన ఆ కండ బిగింపే డ్యూ బ్వా రేమో చూచినది, రైటర్ వాడినది, హడ్జిన్స్ యంత్రమునకు నేర్పినది. అతనికి శాస్త్రము తెలియదు. శాస్త్రమునకు అతడు తెలియడు. ఈ రెంటికి పరిచయము చేయుటయే మిగిలిన పని.

ఇట్టి పరిచయములకే గ్రంథాలయములు పుట్టినవి. భీమవరపు బాలుడొకడు, కాటూరు బాలుడొకడు పుస్తకముల చేయూతతో లోకపు విజ్ఞానమున తమ వంతు చేర్చిరి. గోవాడ గ్రంథాలయపు బల్లలవద్ద కూర్చుండి చదువు బాలబాలికలలో ఒకరైనను, చెమటపట్టిన చేతిపై సైతము తప్పక పనిచేయు యంత్రమును కనుగొందురుగాక. ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ సంస్థ, శతవర్షోత్సవము జరుపుకొను నాటికి, గానుగలో చేయి పోయినవాడు మరల పిడికిలి బిగించి, "తెలిసిందా?" అని అడుగునపుడు, అవునని బదులు చెప్పు చేయి మన యూరిలోనే లభించుగాక యని ఆశించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాను.